మందుల పెట్టె ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? డిజిటల్ అప్పగింత రికార్డుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ చుట్టుపక్కల జీడిమెట్ల, బొల్లారం ఫ్యాక్టరీల నుంచి మేడ్చల్ దగ్గరి గోడౌన్లకు, అక్కడి నుంచి కోఠి హోల్‌సేల్ షాపులకు, జిల్లాల్లోని స్టాకిస్టులకు మందులు వెళ్తుంటాయి. ఆ దారిలో పనిచేసే డిస్పాచ్ క్లర్కులు, లారీ యజమానులు, కంపెనీ తరఫున సరుకు నిల్వ ఉంచి పంపే సీ అండ్ ఎఫ్ ఏజెంట్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే సందేహాలను ఇక్కడ ఒకచోట పెట్టాను. ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే ఉన్నాయి. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

బండికి జీపీఎస్ ఉంది కదా, మళ్లీ ఈ కస్టడీ రికార్డు ఎందుకు?

బండి ఎక్కడుందో జీపీఎస్ చెబుతుంది. బండిలో ఎన్ని పెట్టెలున్నాయి, ఆ క్షణంలో వాటికి జవాబుదారు ఎవరు అన్నది దానికి తెలియదు.

నేను గోడౌన్‌లో డిస్పాచ్ చూసే రోజుల్లో ఒక లోడు 12 పెట్టెలు తక్కువగా చేరింది. బండి దారి తప్పలేదు, ఎక్కడా అనవసరంగా ఆగలేదు. మ్యాపు చూస్తే వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. కానీ మా దగ్గర లోడింగ్ రాత్రి షిఫ్టువాళ్లు మొదలుపెడితే ఉదయం షిఫ్టువాళ్లు పూర్తిచేశారు. మధ్యలో ఎవరూ లెక్కపెట్టి ఎవరికీ అప్పజెప్పలేదు. మేం ట్రాన్స్‌పోర్టరును అన్నాం, ఆయన మమ్మల్ని అన్నాడు, చివరికి నష్టం చెరి సగం పంచుకున్నాం. ఆ పెట్టెలు ఎక్కడ పోయాయో ఇవాళ్టికీ తెలియదు. ఆ డ్రైవరు మాత్రం నెల రోజులు అందరి అనుమానపు చూపులూ మోశాడు. డబ్బు పోయినందుకన్నా అందుకే నాకు ఎక్కువ బాధ.

కస్టడీ రికార్డు అంటే ఇంతే: "ఇచ్చాను" అని ఒకరు, "లెక్క చూసుకుని తీసుకున్నాను" అని ఇంకొకరు, ఒకే చోట, ఒకే సమయంలో, తమ తమ పేర్ల మీద నమోదు చేయడం. మిగతా సాంకేతికత అంతా ఆ రెండు మాటలను కాపాడటానికే.

ఒక్కో అప్పగింతలో కనీసం ఏం రాయాలి?

ఏ సరుకు (బ్యాచ్ నంబరుతో సహా), ఎన్ని పెట్టెలు, ఎవరిచ్చారు, ఎవరు తీసుకున్నారు, ఎక్కడ, ఎప్పుడు, ఏ స్థితిలో. "స్థితి"నే చాలామంది వదిలేస్తారు. పెట్టె తడిసిందా, మూల నలిగిందా, టేపు మళ్లీ వేసినట్టుందా అన్నది తీసుకునే క్షణంలో రాయకపోతే ఆ తర్వాత అది మీ నెత్తిమీదికే వస్తుంది.

మాది మూడు బండ్ల ట్రాన్స్‌పోర్టు. మాకింత హంగామా అవసరమా?

రికార్డు అవసరం, హంగామా అక్కర్లేదు. పెద్ద కంపెనీకి వకీలుంటాడు, బీమా ఉంటుంది. గొడవ వస్తే ముందు కుంగేది మీలాంటి చిన్న యజమానే, కాబట్టి రుజువు మీకే ఎక్కువ కావాలి. ఒక ఫోను, ఉచితంగా దొరికే స్కానింగ్ యాప్, ఎక్కించేటప్పుడు ఒకటి దించేటప్పుడు ఒకటి ఫొటో, చలాన్ మీద ఇద్దరి సంతకాలతో మొదలుపెట్టండి. మూడు నెలలు ఇది తప్పకుండా జరిగితే అప్పుడు సాఫ్ట్‌వేర్ గురించి ఆలోచించండి. కాగితం మీద లేని క్రమశిక్షణ సాఫ్ట్‌వేర్ కొన్నంత మాత్రాన రాదు.

బ్లాక్‌చెయిన్ ఉంటేనే భద్రమని అమ్మేవాళ్లు అంటున్నారు. నిజమేనా?

బ్లాక్‌చెయిన్ అంటే ఒకే లెక్కల పుస్తకం నకలు అందరి దగ్గరా ఉండి, పాత ఎంట్రీని ఎవరూ గుట్టుగా మార్చలేని పద్ధతి. ఒకరినొకరు నమ్మని చాలా సంస్థలు ఒకే పుస్తకంలో రాసుకోవాల్సి వచ్చి, ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉండాలో తేలనప్పుడు బ్లాక్‌చెయిన్‌కు అర్థం ఉంది. ఒక ఫ్యాక్టరీ, ఒక ట్రాన్స్‌పోర్టరు, పది మంది స్టాకిస్టులు ఉన్నచోట మామూలు డేటాబేస్ చాలు. పాత ఎంట్రీ చెరిపే వీలు లేకుండా, ప్రతి ఎంట్రీలో దాని ముందు ఎంట్రీ హ్యాష్ (వేలిముద్రలాంటి గుర్తు, కింద వివరించాను) చేరేలా కట్టించుకోండి.

ఐబీఎం, మెర్స్క్ కలిసి నౌకా రవాణా కోసం పెట్టిన ట్రేడ్‌లెన్స్ బ్లాక్‌చెయిన్ మీద నడిచిందే. దాన్ని మూసేస్తున్నట్టు 2022 నవంబరులో ప్రకటించారు. ఆ రంగమంతా కలిసిరాలేదన్నది వాళ్లు చెప్పిన కారణం. మీ దగ్గరైనా అంతే: స్టాకిస్టు స్కాన్ చేయకపోతే ఏ చెయినూ ఆదుకోదు. పెట్టెలో 20 ఉంటే 24 అని కొట్టినా, బ్లాక్‌చెయిన్ ఆ 24నే భద్రంగా దాచిపెడుతుంది.

## పెట్టె మీది గుర్తు

మందుల మీద క్యూఆర్ తప్పనిసరి అయింది కదా, అది చాలదా?

ఆ క్యూఆర్ వేరే పనికి పెట్టింది. 2023 ఆగస్టు 1 నుంచి 300 ప్రముఖ బ్రాండ్ల మందుల మీద బార్‌కోడ్ గానీ క్యూఆర్ గానీ ఉండాలి. అందులో ఉత్పత్తి గుర్తింపు కోడు, జనరిక్ పేరు, బ్రాండు పేరు, తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, లైసెన్సు నంబరు అనే 8 వివరాలుంటాయి. ఒక్కో డబ్బాకు విడిగా ఉండే సీరియల్ నంబరు ఆ జాబితాలో లేదు. అంటే ఒకే బ్యాచ్‌లోని రెండు డబ్బాలను అది విడదీసి చూపదు. కొనేవాళ్లు అసలుదో కాదో చూసుకోవడానికి బాగా ఉపయోగపడుతుంది గానీ, "ఈ డబ్బా ఎవరి చేతుల మీదుగా వచ్చింది" అన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు.

బల్క్ డ్రగ్ చేసేవాళ్ల సంగతి కొంచెం మెరుగు. 2023 జనవరి 1 నుంచి ముడి ఔషధాల లేబుళ్ల మీద తప్పనిసరైన క్యూఆర్‌లో రవాణా కంటెయినర్‌కు ఇచ్చే సీరియల్ కోడు కూడా ఉండాలి. మన ఊళ్లో బల్క్ డ్రగ్ యూనిట్లకు కొదవ లేదు. డ్రమ్ము మీద ఆ కోడు ఎలాగూ ఉన్నప్పుడు అప్పగింత రికార్డులో దాన్నే వాడుకోండి, కొత్త నంబరు పుట్టించకండి.

బార్‌కోడ్ 890తో మొదలైతే ఇండియాలో తయారైనట్టేనా?

కాదు. ఆ నంబరును బార్‌కోడ్ నంబర్లు ఇచ్చే జీఎస్1 ఇండియా సంస్థ జారీ చేసిందని మాత్రమే దానర్థం. సరుకు ఎక్కడ తయారైందో లేబుల్ మీద చదవాలి.

పాలెట్ మీద ఒక్క కోడు స్కాన్ చేస్తే లోపలి 48 పెట్టెలూ లెక్కలోకి వచ్చేస్తాయా?

సిస్టంలో వస్తాయి. పాలెట్‌కు, అంటే పెట్టెలు పేర్చి ప్లాస్టిక్‌తో చుట్టే పలకకు, 18 అంకెల కోడు ఇచ్చి, దాని కింద 48 పెట్టెల నంబర్లు కట్టి పెడతారు. తల్లి కోడు స్కాన్ చేస్తే పిల్ల కోడులన్నీ కదిలినట్టు నమోదవుతుంది. రోజుకు వందల పాలెట్లు ఎత్తే గోడౌన్‌లో ఇది లేకపోతే పని సాగదు.

చుట్టిన ప్లాస్టిక్ చెక్కుచెదరనంత వరకే ఆ కట్టు నిజం. నలిగిన పెట్టె ఒకటి తీసి ఇంకొకటి పెట్టి, సిస్టంలో మార్చకపోతే ఆ క్షణం నుంచి రికార్డు అబద్ధం చెబుతున్నట్టే. అందుకే పాలెట్ విప్పితే పాత తల్లి కోడు రద్దుచేసి, పెట్టెలన్నీ విడివిడిగా స్కాన్ చేసి, కొత్త కోడు వేయాలి. దీనికి పట్టే టైము గురించి హమాలీలు గొణుగుతారు. నిజమే, వాళ్లకు కూలి లోడు లెక్కన వస్తుంది. ఆ అదనపు పనికి అదనంగా ఇవ్వండి, అప్పుడు ఎవరూ చూసీ చూడనట్టు వదిలేయరు.

ఎవరైనా మా క్యూఆర్ ఫొటో తీసి నకిలీ పెట్టె మీద అంటిస్తే?

అంటించగలరు. క్యూఆర్ కేవలం బొమ్మ, దాన్ని కాపీ కొట్టడం ఎవరి తరమైనా అవుతుంది. ఒక్కో పెట్టెకు ఒకే ఒక్క సీరియల్ నంబరు ఉండి, ప్రతి అప్పగింతలో స్కాన్ జరుగుతుంటే కాపీ దొరుకుతుంది. పొద్దున కోఠిలో తీసుకుని ఇంకా ఎవరికీ అప్పగించని పెట్టె మధ్యాహ్నం నిజామాబాద్‌లోనూ కనబడితే రెండింట్లో కనీసం ఒకటి నకిలీ. అలాంటప్పుడు రెండింటినీ పక్కన పెట్టించే హెచ్చరిక మీ సిస్టంలో ఉండాలి. నంబర్లు మాత్రం వరసగా ఇవ్వకండి. 1001 తర్వాత 1002 వస్తుందని తెలిస్తే నకిలీవాడికి ఫొటో కూడా అక్కర్లేదు.

మా సరుకు అమెరికాకు వెళ్తుంది. ఇక్కడి రికార్డు అక్కడ పనికొస్తుందా?

ఫార్మాట్ కలిస్తే వస్తుంది. 2013 నవంబరులో వచ్చిన అమెరికా ఔషధ సరఫరా భద్రతా చట్టం ప్రకారం అమ్మకపు ప్యాకు స్థాయిలో సీరియల్ నంబరు, చేతులు మారిన సమాచారం ఎలక్ట్రానిక్ రూపంలో ఉండాలి. ఆ సమాచారం పంపుకోవడానికి అక్కడ వాడే ప్రమాణం జీఎస్1 వారి ఈపీసీఐఎస్. ఐరోపాలో 2019 ఫిబ్రవరి 9 నుంచి ప్రిస్క్రిప్షన్ మందుల ప్యాకుకు ప్రత్యేక గుర్తు అమల్లో ఉంది. సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు ఈపీసీఐఎస్ ఫైలు బయటికి వస్తుందా అని అడగండి. "తర్వాత చేసిస్తాం" అంటే అడ్వాన్సు ఇవ్వకండి.

## చేతులు మారే చోట

డ్రైవరు పెట్టెలు దించకముందే ఓటీపీ అడుగుతున్నాడు. ఇవ్వచ్చా?

ఇవ్వకండి. ఓటీపీ అంటే మీ సంతకం. సరుకు దిగాలి, లెక్క కావాలి, తేడా ఉంటే యాప్‌లో రాయాలి, ఆ తర్వాతే ఓటీపీ.

డ్రైవరు తొందరకూ కారణముంది. పగలు పెద్ద బండ్లకు నగరంలో ఆంక్షలుంటాయి, ఇంకో రెండు చోట్ల దించాలి, ఓటీపీ పడితే తప్ప ఆఫీసులో ట్రిప్పు పూర్తయినట్టు చూపించదు. "అన్నా, ఓటీపీ చెప్పెయ్, నేను పోతా" అంటాడు. ఆ ఒత్తిడి తీరే దారి చూడండి. వ్యవస్థలో రెండు దశలు పెట్టండి: "బండి చేరింది" అనే మొదటి ఓటీపీతో డ్రైవరు వెయిటింగ్ లెక్క మొదలవుతుంది, "లెక్క సరిపోయింది" అనే రెండోదానితో సరుకు బాధ్యత మారుతుంది. ఇలా విడదీసిన చోట నేను చూసినంతలో గొడవలు బాగా తగ్గాయి.

ఫోనులో యజమానిని అడిగి ఓటీపీ తెచ్చుకోవడం ఇంకా ప్రమాదం. ఓటీపీ చెప్పే మనిషి సరుకు ముందు నిలబడి ఉండాలి.

గోడౌన్‌లో అందరం ఒకే లాగిన్ వాడుకుంటాం. తప్పేముంది?

తేడా వచ్చిన రోజు "ఎవరు తీసుకున్నారు" అని చూస్తే "గోడౌన్1" అని వస్తుంది. గోడౌన్1 అనే మనిషి లేడు. అప్పుడు అనుమానం అందరి మీదా పడుతుంది, అందరికంటే ముందు జీతం తక్కువవాడి మీద పడుతుంది. ఎవరి లాగిన్ వాళ్లకు ఇవ్వడం నమ్మకం లేక కాదు, తప్పు చేయనివాడు అనుమానం నుంచి బయటపడేందుకు. ఎవరైనా మానేస్తే అదే రోజు వాళ్ల లాగిన్ మూసేయండి. పాస్‌వర్డులు గుర్తుండకపోతే ఐడీ కార్డు మీద కోడు, దానితో పాటు నాలుగంకెల పిన్ పెట్టండి.

డ్రైవరుకు స్మార్ట్‌ఫోన్ లేదు, చదవడం కూడా అంతంతమాత్రం. ఎలా?

స్కానర్ గోడౌన్‌వాళ్ల చేతిలో ఉంటే చాలు, డ్రైవరుకు మామూలు ఫోను సరిపోతుంది. లెక్క అయ్యాక అతని నంబరుకు తెలుగులో మెసేజ్ వెళ్లాలి, గట్టిగా చదివి వినిపించాలి, అతను ఒప్పుకున్నాకే వేలిముద్రో సంతకమో తీసుకోవాలి. హిందీ మాట్లాడే డ్రైవర్లూ చాలామందే ఉంటారు, వాళ్ల భాషలో మెసేజ్ పంపండి. అర్థం కానిదానికి సంతకం పెట్టించుకుంటే అది అప్పగింత కాదు.

సీల్ అలాగే ఉంది. లెక్కపెట్టకుండా తీసుకోవచ్చా?

ముందు సీల్ నంబరు చలాన్‌లోని నంబరుతో పోల్చండి. సీల్ ఉందా అని చూసేవాళ్లే గానీ నంబరు చదివేవాళ్లు తక్కువ. కోసిన సీల్ స్థానంలో కొత్తది వేసినా చూడటానికి అలాగే ఉంటుంది. ఐఎస్ఓ 17712 ప్రకారం సీళ్లలో మూడు తరగతులున్నాయి. అన్నిటికన్నా గట్టి తరగతికి "హెచ్" గుర్తు ఉంటుంది. ప్లాస్టిక్ పట్టీలాంటివి తెరిచారని చూపిస్తాయి గానీ తెరవకుండా ఆపలేవు. సీల్ సరిగ్గా ఉన్నా పెట్టెలు లెక్కపెట్టే తీసుకోండి, ఎందుకంటే సీల్ వేయకముందే తక్కువ ఎక్కి ఉండొచ్చు.

వానలో దించుకుంటుంటే స్కానర్ మొరాయించింది. ఏం చేయాలి?

కాగితం మీద రాయండి. ముందే వరస నంబర్లు వేసిన పుస్తకం ఒకటి సరుకు దించే డాక్ దగ్గర ఉండాలి. తర్వాత సిస్టంలో ఎక్కించేటప్పుడు "చేత్తో రాసినది, తర్వాత ఎక్కించింది" అని కనబడాలి, అసలు సమయం, ఎక్కించిన సమయం రెండూ ఉండాలి. స్కాన్ అయినట్టు చూపించే ప్రయత్నం చేయకండి.

## దారిలో

శ్రీశైలం రోడ్డులో సిగ్నల్ పోతుంది. రికార్డులో ఖాళీ వస్తే మా మీద అనుమానం రాదా?

ఖాళీ రావడం తప్పు కాదు, ముందే చెప్పని ఖాళీ తప్పు. మన్ననూరు దాటాక నల్లమలలో చాలాదూరం ఫోను పలకదు. పైగా అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. తొమ్మిది దాటి చెక్‌పోస్టుకు చేరితే రాత్రంతా ఆగాల్సిందే. ఈ రెండూ రూట్ ప్లానులో రాసి ఉంటే ఎవరూ అడగరు. పరికరం సిగ్నల్ లేనప్పుడు కూడా లెక్కలు తనలోనే దాచుకుని, సిగ్నల్ రాగానే అసలు సమయాలతో పంపేదై ఉండాలి. ఆగిన చోట సీల్ నంబరు కనబడేలా రాత్రి ఒక ఫొటో, పొద్దున ఒక ఫొటో తీయమనండి.

చల్లగా ఉంచే మందులకు డేటా లాగర్ ఒకటి పెడితే సరిపోతుందా?

లాగర్ అంటే ఉష్ణోగ్రతను సమయంతో సహా నమోదు చేసుకునే చిన్న పరికరం. దాన్ని ఎక్కడ పెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటే ఊరు మనది. తలుపు దగ్గరి పెట్టె ఒకలా, ఏసీ గాలి తగిలే పెట్టె ఒకలా ఉంటుంది. కనీసం రెండు లాగర్లు, ఒకటి తలుపు వైపు, ఒకటి గాలి నేరుగా తగిలే చోట పెట్టండి.

వేడి గురించి అందరూ భయపడతారు, గడ్డకట్టడం గురించి కొందరే. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన హెపటైటిస్ బి లాంటి టీకాలు గడ్డకడితే పనికిరావు. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకును అలాగే పక్కన పెడితే ఏసీ లేని బండిలో కూడా అది జరుగుతుంది.

ఇక అప్పగింత సంగతి. తీసుకునేవారు సంతకానికి ముందే లాగర్ చదవాలి. మర్నాడు చదివి "వేడెక్కింది" అంటే, ఆ వేడి బండిలో తగిలిందా మీ డాక్ మీద తగిలిందా అన్న వాదన మొదలవుతుంది.

మేం పొద్దున పదింటికి దించాం. లాగర్ తెల్లవారుజామున 4:30 అంటోంది. ట్యాంపరింగా?

బహుశా కాదు. లాగర్ గడియారం అంతర్జాతీయ సమయంలో ఉంది, మన సమయం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది. తేడా సరిగ్గా అంతే ఉందేమో చూడండి. అన్ని పరికరాలనూ ఒకే సమయానికి పెట్టి, రిపోర్టు మీద ఏ సమయమో రాయించండి.

ఈ-వే బిల్లులో బండి నంబరు మారిస్తే కస్టడీ మారినట్టే కదా?

కాదు. ఈ-వే బిల్లు పన్ను కాగితం. 50,000 రూపాయలు దాటిన సరుకుకు అది కావాలి. మామూలు బండికి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున చెల్లుతుంది. పార్ట్ బి లో ఏ బండి అన్నది ఉంటుంది గానీ ఎన్ని పెట్టెలు సరిచూసి ఎవరు తీసుకున్నారో ఉండదు.

ఇంకో సంగతి. అదే రాష్ట్రంలో పంపేవారి నుంచి ట్రాన్స్‌పోర్టరు స్థలానికి 50 కిలోమీటర్ల లోపైతే పార్ట్ బి నింపక్కర్లేదు. అంటే జీడిమెట్ల నుంచి ట్రాన్స్‌పోర్టు గోడౌన్ దాకా ఆటో ట్రాలీలో వెళ్లే ఆ కాస్త దూరానికి బండి నంబరు కూడా ఎక్కడా పడకపోవచ్చు. నా అనుభవంలో పెట్టెలు ఎక్కువగా మాయమయ్యేది ఆ కాస్త దూరంలోనే. మీ సొంత అప్పగింత రికార్డు అక్కడి నుంచే మొదలుకావాలి.

డ్రైవరు ఫోనును రోజంతా ట్రాక్ చేయొచ్చా?

ట్రిప్పు ఉన్నంతసేపు, అతనికి చెప్పి, ఒప్పుకున్నాకే. సరుకు దించాక ఆపేయండి. ఇంటికెళ్లాక అతనెక్కడున్నాడో మీకు అనవసరం. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా చెప్పిన పనికి కావలసినంత సమాచారమే తీసుకోమంటుంది. ఆధార్ కార్డుల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పంచుకోవడం వెంటనే మానేయండి.

## లెక్క తేడా వచ్చాక

తప్పుగా 42 బదులు 24 కొట్టాం. దిద్దుకోవచ్చా?

దిద్దుకోవచ్చు, చెరపకూడదు. 24 అలాగే ఉండాలి. దాని కింద "42, ఫలానావారు, ఫలానా సమయానికి, ఫలానా కారణంతో" అని కొత్త ఎంట్రీ రావాలి. పాత రిజిస్టర్లలో తప్పు పడితే ఒక గీత కొట్టి పక్కన పొట్టి సంతకం పెట్టేవాళ్లు. వైట్నర్ పూస్తే ఆడిటర్ ఒప్పుకునేవాడు కాదు. ఇదీ అంతే.

రికార్డును ఎవరూ మార్చలేదని ఎలా నిరూపించాలి?

ఏ ఫైలు ఇచ్చినా దాని నుంచి ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్క 64 అక్షరాల గుర్తు తీస్తుంది, దాన్నే హ్యాష్ అంటారు. ఫైలులో ఒక్క అంకె మారినా హ్యాష్ పూర్తిగా మారిపోతుంది. రోజు ముగిశాక ఆ రోజు రికార్డు హ్యాష్ తీసి, పంపినవారికీ తీసుకున్నవారికీ మెయిల్ చేయండి. తర్వాత మీ సర్వర్‌లో ఎవరు చేయి పెట్టినా, వాళ్ల మెయిల్లో ఉన్న హ్యాష్‌తో కలవదు. ఖర్చు దాదాపు లేదు.

కోర్టులో ఇది చెల్లుతుందా?

పద్ధతిగా ఇస్తే చెల్లుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఒక భాగం మీది, ఒక భాగం నిపుణుడిది. హ్యాష్ విలువ రాసే చోటు కూడా ఆ ఫారంలోనే ఉంది. స్క్రీన్‌షాట్ల ప్రింట్లు పట్టుకెళ్లి చాలనుకోకండి. అసలు ఫైలు, అసలు పరికరం భద్రంగా ఉంచి వకీలును కలవండి.

పెట్టెలు తక్కువొచ్చాయి. ట్రాన్స్‌పోర్టరుకు ఎప్పటిలోగా చెప్పాలి?

అక్కడికక్కడే ఎల్ఆర్ (లారీ రసీదు) కాపీ మీద రాసి, డ్రైవరు సంతకం తీసుకోండి. ఆపైన రోడ్డు రవాణా చట్టం, 2007లోని 16వ సెక్షన్ ప్రకారం దావా వేయడానికి ముందు, సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. చేరిన తేదీ నుంచి కాదు, బుక్ చేసిన తేదీ నుంచి. "మాట్లాడుకుంటున్నాం కదా" అని గడువు దాటించుకున్నవాళ్లను చూశాను.

రికార్డులు ఎన్నాళ్లు ఉంచాలి?

జీఎస్‌టీ చట్టం లెక్కల పుస్తకాలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచమంటుంది. అప్పగింత రికార్డునూ అంతకాలం ఉంచండి. ఆ బ్యాచ్ గడువు తేదీ ఇంకా తర్వాతైతే అప్పటిదాకా ఉంచండి.

కంపెనీ ఒక బ్యాచ్‌ను వెనక్కి పిలిచింది. ఈ రికార్డు ఎలా పనికొస్తుంది?

బ్యాచ్ నంబరు కొట్టగానే మూడు జాబితాలు రావాలి: ఇంకా మీ దగ్గరున్న పెట్టెలు, దారిలో ఉన్నవి, ఎవరెవరికి ఎన్ని చేరాయో. మీ దగ్గరున్నవాటిని వెంటనే విడి గదిలో పెట్టి, సిస్టంలో ఆ సీరియల్ నంబర్లు కదలకుండా లాక్ చేయండి. దారిలో ఉన్న డ్రైవరుకు ఫోను చేయండి, మెసేజ్‌తో సరిపెట్టకండి. చేరినచోట స్టాకిస్టు "పెట్టెలు నా దగ్గర లేవు, అమ్మేశాను" అంటే ఏ షాపుకు, ఎన్ని అన్నది అడిగి రాసుకోండి. ఎందుకంటే ఆ మందు ఈ రాత్రి ఎవరో ఒకరు వేసుకుంటారు. తిరిగొచ్చే పెట్టెలకు కూడా వెళ్లినప్పటిలాగే ఇద్దరి పేర్లతో అప్పగింత రాయాలి. వెనక్కి వచ్చినవాటిని మూలన పడేసి, లెక్క రాయకుండా వదిలేసిన గోడౌన్లలో అవి మళ్లీ బజారుకెక్కే దారి తెరిచే ఉంటుంది. చివరి పెట్టె నాశనమైనట్టు ధ్రువపత్రం చేరి, పంపిన సంఖ్య నుంచి అమ్ముడైనవి, తిరిగొచ్చినవి తీసేస్తే సున్నా వచ్చిన రోజే ఆ బ్యాచ్ ఫైలు మూయండి.